కోడ్ చెప్పేది సర్క్యూట్ పేరు, చెడిన పార్టు పేరు కాదు

సంపాదకులకు,

ట్రాక్టర్లు, కోత యంత్రాల విషయంలో ‘పాత బండ్లే నయం, కొత్తవి ఊరికే మొరాయిస్తాయి’ అన్నమాట తరచూ వినబడుతోంది. అందులో నిజం సగమే. ఇప్పటి ఇంజన్లలో పిస్టన్లు, బేరింగులు, గేర్లు త్వరగా అరిగిపోవడం లేదు. కోత మధ్యలో యంత్రాన్ని నిలబెట్టేవి చాలాసార్లు తుప్పుపట్టిన ఎర్త్ వైరో, తడిసిన కనెక్టరో, ట్యాంకులో చేరిన గుక్కెడు నీళ్లో.

డీజిల్ సంగతే చూడండి. పాత పంపు ఇంజన్లో నాజిల్ దాదాపు 200 బార్ దగ్గర తెరుచుకునేది. కొత్త ఇంజన్ల కామన్ రైల్‌లో (అన్ని ఇంజెక్టర్లకూ డీజిల్ అందించే ఉమ్మడి గొట్టం) ఒత్తిడి 1,600 బార్ దాటడం మామూలే. ఇంజెక్టరు లోపలి సందులు కొద్ది మైక్రాన్లు మాత్రమే. పాత నాజిల్ ఎలాగో మింగేసిన దుమ్ము ఇక్కడ గీతలు పెడుతుంది. నీళ్లకు డీజిల్‌కున్న జారుడు గుణం లేదు, పైగా తుప్పు పట్టిస్తాయి. అందుకే వాటర్ సెపరేటర్ కింది మర వదులు చేసి నీళ్లు తీసెయ్యాలి. పని ముగిశాక ట్యాంకు నింపి ఉంచితే లోపల చెమ్మ పట్టదు. కొత్త ఫిల్టరును డబ్బాలోని డీజిల్‌తో నింపి బిగించే పాత అలవాటు మాత్రం మానాలి. ఆ వడకట్టని డీజిల్ నేరుగా హై ప్రెషర్ పంపులోకి పోతుంది. ఖాళీ ఫిల్టరు బిగించి, ప్రైమర్ (చేతి పంపు) కొట్టి నింపడమే సరైన పద్ధతి.

ఇక కోడ్‌ల గోల, అంటే లోపం కనబడితే బండి కంప్యూటర్ చూపే సంకేతాలు. ‘రైల్ ప్రెషర్ తక్కువ’ అని రాగానే సెన్సార్ మార్చేసేవాళ్లే ఎక్కువ. మూసుకుపోయిన ఫిల్టరు, గాలి పీలుస్తున్న పైపు, డీజిల్‌ను ఎక్కువగా వెనక్కి వదిలేస్తున్న ఇంజెక్టరు, వీటిలో ఏదైనా అదే కోడ్ ఇస్తుంది. ఒకేసారి నాలుగైదు సెన్సార్ల కోడ్‌లు వస్తే అన్నీ కలిసి చెడిపోయాయని కాదు. చాలా బండ్లలో కొన్ని సెన్సార్లకు 5 వోల్టుల సరఫరా ఒక్కటే. ఒకటి షార్టయితే మిగతావీ పడిపోతాయి. ఒక్కొక్క ప్లగ్గూ తీస్తూ మీటరు చూడండి. ఏది తీస్తే 5 వోల్టులు తిరిగి వస్తాయో దొంగ అక్కడే.

ఎర్త్ పరీక్ష ఇంకా తేలిక. మీటరు ఒక తీగ బ్యాటరీ నెగెటివ్ పోల్ మీద (క్లాంపు మీద కాదు), రెండోది ఇంజన్ బ్లాకు మీద ఆనించి సెల్ఫ్ కొట్టాలి. అర వోల్టు దాటితే ఎర్త్ బాగాలేనట్టే. క్యాన్ తీగల (బండిలోని కంప్యూటర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే జంట తీగలు) మీద అనుమానమైతే బ్యాటరీ విప్పి ఆ రెండు తీగల మధ్య నిరోధం కొలవాలి. రెండు చివరలా చెరో 120 ఓమ్‌ల నిరోధకం ఉంటుంది కాబట్టి 60 ఓమ్‌లు రావాలి. 120 వస్తే ఒక చివర నిరోధకం తెగిందనో, తీగ తెగిందనో అర్థం.

వెల్డింగ్ పెట్టేముందు బ్యాటరీ రెండు వైర్లూ, ఈసీయూ (ఇంజన్‌ను నడిపే కంప్యూటర్) ప్లగ్గులూ తీసి, వెల్డింగ్ ఎర్త్ క్లాంపును అతికే చోటికి దగ్గరగా బిగించాలి. కనెక్టర్ల మీద ప్రెషర్ నీళ్లు కొట్టకూడదు.

సైలెన్సర్‌లో మసి ఫిల్టరున్న ఇంజన్లకు మరో తిప్పలు. మసి కాలడానికి సుమారు 600 డిగ్రీల వేడి కావాలి. మధ్యలో ఇంజన్ ఆపేస్తూ పోతే మసి పేరుకుంటుంది. ఆ వేడికోసం సిలిండర్లోనే అదనపు డీజిల్ చిమ్మే ఇంజన్లలో కొంత ఆయిల్‌లోకి దిగుతుంది. గేజి పుల్ల మీద మట్టం పెరిగితే ‘ఆయిల్ తాగడం లేదు’ అని సంబరపడేవాళ్లున్నారు! అది పలచబడ్డ ఆయిల్, మార్చెయ్యాలి.

ఇంత చూసుకున్నా కొన్ని మరమ్మతుల్లో కొత్త పార్టు బిగించాక కంపెనీ సాఫ్ట్‌వేరుతో నమోదు చేస్తేగాని బండి కదలదు. కొత్త బండ్ల మీద నమ్మకం సడలుతున్నది అసలు ఇక్కడ. వ్యవసాయ యంత్రాల మరమ్మతు సమాచారం, పరికరాలు యజమానులకు అందించాలని అమెరికాలోని కొలరాడో రాష్ట్రం 2023లో చట్టం చేసింది. కనీసం వైరింగ్ పటం, ఏ కోడ్‌కు ఏ కొలత సరిచూడాలో తెలిపే పట్టిక యంత్రంతో పాటే ఇవ్వడానికి కంపెనీలకు అడ్డమేమిటో వాళ్లే చెప్పాలి.

– డీజిల్ ఇంజన్ల పని తెలిసిన ఒక పాఠకుడు