హెడ్మాష్టారి మీద ఆర్డినెన్స్

ఒరేయ్ సూరీ,

నువ్వు దసరాకి రాసిన ఉత్తరానికి ఇప్పుడా జవాబు అని తిట్టుకుంటావు. తిట్టుకో, తప్పు నాదే. అమ్మ మోకాళ్లు కాస్త నయం, చిన్నది మూడో క్లాసు, నా ఉద్యోగం ఇంకా ఊడలేదు. క్షేమ సమాచారాలు అయిపోయాయి. అసలు సంగతి చెప్పకపోతే పొట్ట పగిలేలా ఉంది.

ఇక్కడ కాలిఫోర్నియాలో మా హెడ్మాష్టారి మీద కౌంటీ వాళ్లు (కౌంటీ అంటే మన జిల్లా లాంటిదిలే) ఆర్డినెన్స్ తెస్తున్నార్రా!

మనల్ని గోడకుర్చీ వేయించిన ఆయన కాదులే. నా పుంజు. దాణా కొట్లో ఆరు పిల్లలు కొన్నాను, అన్నీ పెట్టలే అన్నాడు. నాలుగు నెలలకి అందులో ఒకటి గొంతు సవరించుకుంది. ఆ మెడ ఎత్తడం, కాళ్లు ఆచితూచి వేయడం, తెల్లారి నాలుగున్నరకే అందర్నీ లేపడం... ఇంకేం పేరు పెడతాం చెప్పు? రంగుకి డేగ, అంటే ఎర్ర ఈకల పుంజు. (భీమవరంలో వాచీ సంగతి గుర్తొచ్చిందా? మా ఆవిడకి ఇంకా తెలీదు, నువ్వు చెప్పకు.)

ఆర్డినెన్స్ అనగానే నేనూ నీలాగే గవర్నరు గుర్తొచ్చి బిత్తరపోయాను. మన దగ్గర అసెంబ్లీ లేనప్పుడు తెచ్చేది, మళ్లీ సభ కూర్చున్న ఆరు వారాలకి చెల్లిపోయేది కదా. ఇక్కడ అలా కాదు. సిటీలూ కౌంటీలూ చేసుకునే మామూలు చట్టాన్నే ఆర్డినెన్స్ అంటారు. రద్దు చేసేదాకా ఉంటుంది.

మా వీధికి అటుపక్క సిటీ, ఇటుపక్క ఏ సిటీలోనూ కలవని నేల. అటుపక్క పుంజు పూర్తిగా నిషేధం. సిటీ రూలు రోడ్డు దాటి ఇటు రాదు, కౌంటీ రూలు అటు పోదు. మాకు మేయరు లేడు, కౌంటీయే దిక్కు. సూపర్వైజర్లని ఐదుగురిని ఎన్నుకుంటాం, చట్టం చేసేదీ వాళ్లే, పాలన చూసేదీ వాళ్లే. కాలిఫోర్నియా రాజ్యాంగం పదకొండో అధికరణం ఏడో సెక్షన్‌లో ఒక్క వాక్యం ఉంది, దాని మీదే ఇదంతా నడుస్తోంది. రాష్ట్ర చట్టానికి అడ్డం రానంతవరకు తమ హద్దుల్లో స్థానిక చట్టాలు చేసుకోవచ్చని. రాత్రి రెండింటిదాకా చదివాన్రా, డిగ్రీ పరీక్షలకి కూడా ఇంత చదవలేదు.

ఇప్పుడు ఈ కొత్తదాని ప్రకారం అరెకరం లోపు స్థలంలో పుంజు ఒక్కటి కూడా ఉండకూడదు. నాది పావెకరం. కారణం ఏంటో చెప్పనా? కోడిపందేలు! పందెం ఇక్కడ రాష్ట్ర చట్టం ప్రకారమే నేరం. కానీ ఆడుతుండగా పట్టుకోవడం కష్టం, నీకు తెలియనిదా. అందుకని పుంజుల లెక్క మీద పడ్డారు. గోదావరి జిల్లావాణ్ణి, ఎర్రడేగని పెట్టుకుని, నాకూ పందేలకీ సంబంధం లేదండీ అంటే ఎవరు నమ్ముతారు?

టెక్సాస్‌లో మన బక్కోడికి ఫోన్ చేస్తే ఒకటే నవ్వు. అక్కడ శాసనసభ ఫలానా పని చేసుకో అని విడిగా ఇచ్చిన అధికారం తప్ప కౌంటీకి సొంతంగా చట్టాలు చేసే శక్తి లేదట. "మాష్టార్ని మా ఇంటికి ట్రాన్స్‌ఫర్ చెయ్యరా" అన్నాడు. వాడి ఇంట్లో కోడి ఎన్నాళ్లు బతుకుతుందో మనకి తెలుసు.

మంగళవారం సెలవు పెట్టి మీటింగుకి వెళ్లాను. ఎవరైనా మాట్లాడొచ్చు, మనిషికి రెండు నిమిషాలు, ఎర్ర దీపం వెలిగితే ఆపాలి. నాలుగు పేజీలు రాసుకెళ్లాను. కాళ్లు వణికాయిరా, ఏడో క్లాసు వక్తృత్వ పోటీలో లాగే. రాజ్యాంగం సెక్షన్ దగ్గరే పచ్చ దీపం పోయింది. ఇక కాగితం మడిచి, "నేను కొన్నది పెట్టనండీ, పుంజైంది, నా తప్పేముంది?" అన్నాను. హాలంతా నవ్వింది. నా తర్వాత ఒక ముసలామె లేచి, పక్కింట్లో పుంజులున్నాయని, మూడేళ్లుగా తనకి నిద్ర లేదని చెప్పింది. ఆవిడ చేతులు చూశాక నాకు నవ్వు రాలేదు. మా అటుపక్కింటాయన కూడా నన్ను ఏమీ అనలేదు కానీ...

సరే, ఏమైందంటే, చిన్న స్థలాలకి ఒక్క పుంజు, రాత్రి లోపల కట్టెయ్యాలి అని ఒక సూపర్వైజరు సవరణ పెట్టింది. అలా మారిస్తే ఆ రోజే పాస్ చెయ్యకూడదట, కనీసం ఐదు రోజులు ఆగి మామూలు మీటింగులోనే ఓటు వెయ్యాలి. ఐదుగురిలో ముగ్గురు చాలు. పాసైనా అమల్లోకి రావడానికి ముప్ఫై రోజులు. ఇద్దరు మనవైపే. మూడో ఆయన మొహం చూస్తే మన లెక్కల మాష్టారే, ఏమీ తెలీదు.

అరే, మూడైపోయింది, చిన్నదాన్ని స్కూల్నించి తేవాలి. ఓటు వచ్చే మంగళవారం. ఈలోగా నువ్వొక పని చెయ్యి, మీ మావయ్యని అడుగు, పుంజు కూయకుండా రాత్రి గంప లోపల ఏదో

ఉంటాన్రా, కారు తీస్తున్నాను.

నీ
గోడకుర్చీ