ఉస్మానియా పాత భవనంలో తొలి వైద్య పాఠశాల చరిత్రకు చోటివ్వాలి

సంపాదకులకు,

అయ్యా,

ఉస్మానియా జనరల్ ఆసుపత్రి కొత్త భవనాలకు గోషామహల్ పోలీసు స్టేడియం స్థలంలో 2025 జనవరి 31న శంకుస్థాపన జరిగింది. 2020 జులై వానలకు వార్డుల్లోకి నీళ్లు చేరి పాత భవనాన్ని ఖాళీ చేయించినప్పటి నుంచి ఇరుకు గదుల్లో వైద్యం పొందుతున్న పేద రోగులకు మంచి ఆసుపత్రి కావాలనడంలో రెండో మాట లేదు. అయితే అఫ్జల్‌గంజ్‌లో మిగిలిపోయే పాత భవనాన్ని ఏం చేయాలన్న చర్చలో గుమ్మటాల అందం గురించీ, గోడల పగుళ్ల గురించీ వినబడుతున్నంతగా, ఆ ఆవరణతో పెనవేసుకుపోయిన వైద్య విద్య చరిత్ర గురించి వినబడటం లేదు.

నేటి ఉస్మానియా వైద్య కళాశాల 1846లో నాలుగో నిజాం నాసిరుద్దౌలా కాలంలో హైదరాబాద్ మెడికల్ స్కూల్‌గా మొదలైంది. జబ్బుపడిన నిజాంకు ఆస్థాన హకీముల వైద్యంతో గుణం కనిపించకపోవడంతో బ్రిటిష్ రెసిడెన్సీ సర్జన్ డాక్టర్ విలియం క్యాంప్‌బెల్ మెక్లీన్‌ను పిలిపించారనీ, మందులేవీ పుచ్చుకోనని నిజాం షరతు పెట్టగా ఆయన పథ్యంతోనే నయం చేశారనీ, ఆ నమ్మకం మీదే పాఠశాల పుట్టిందనీ చరిత్రకారులు రాశారు. పాలకుడి స్వస్థతతో ఆగిపోకుండా, ఆ వైద్యాన్ని స్థానిక యువకులకు నేర్పించాలన్న నిర్ణయం జరగడమే ఇందులో గొప్ప విషయం. పాఠాలు ఉర్దూలో చెప్పేవారు. ఉత్తీర్ణులైనవారికి హకీం పట్టా ఇచ్చేవారు. ఇంగ్లిషు రాకపోయినా పాశ్చాత్య వైద్యం చదువుకోవచ్చని పందొమ్మిదో శతాబ్దం నడుమ చేసి చూపిన సంస్థ మన నగరంలో ఉండేదన్న సంగతి, వైద్య విద్యలో మాతృభాష గురించి వాదించుకునే మనలో ఎందరికి తెలుసు?

1885 నాటికి ఈ పాఠశాల బాధ్యత సర్జన్ ఎడ్వర్డ్ లారీ చేతికి వచ్చింది. ఆయన హయాంలో ఆడపిల్లలకు ప్రవేశం దొరికింది. అలా చేరినవారిలో రూపాబాయి ఫర్దూన్‌జీ ఒకరు. శస్త్రచికిత్సకు ముందు క్లోరోఫారం అనే మత్తుమందు ఇచ్చేటప్పుడు రోగి నాడిని కాక ఊపిరిని కనిపెట్టి ఉండాలన్నది లారీ పట్టుదల. దాన్ని తేల్చేందుకు 1888లో హైదరాబాద్‌లో ఒక కమిషన్ ప్రయోగాలు జరిపింది. లండన్‌లోని లాన్సెట్ వైద్య పత్రిక ఆ ఫలితాలను ఒప్పుకోకపోవడంతో ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ వెయ్యి పౌన్లు ఇచ్చి, ఆ పత్రిక తరఫున ఒక నిపుణుడిని పంపమని కోరారు. 1889లో లాడర్ బ్రంటన్ వచ్చారు, రెండో కమిషన్ జరిగింది, దాని ఫలితాల మీద ప్రపంచవ్యాప్తంగా వైద్యులు వాదించుకున్నారు. క్లోరోఫారం గుండెకు నేరుగా హాని చేయదన్న లారీ అభిప్రాయం తరువాతి పరిశోధనల్లో తప్పని తేలింది కానీ, శ్వాస మీద కన్ను వేసి ఉంచాలన్న ఆయన హెచ్చరిక విలువ తగ్గలేదు. క్లోరోఫారంతో మత్తు ఇవ్వడంలో ఆరితేరిన రూపాబాయిని ప్రపంచంలోనే తొలితరం మహిళా మత్తువైద్యుల్లో ముందు వరుసలో చెప్పుకుంటారు. ఆమె 1909లో పైచదువుకు ఎడిన్‌బరో కూడా వెళ్లారు. ఇంతటి మనిషి పేరు మన బడి పుస్తకాల్లో ఒక్క వాక్యానికైనా నోచుకోవాలని నా కోరిక.

1908 సెప్టెంబరు 28న మూసీ వరద, ఉస్మానియాకు ముందు అక్కడ ఉన్న అఫ్జల్‌గంజ్ ఆసుపత్రిని ముంచెత్తింది. ఆవరణలోని చింతచెట్టెక్కిన సుమారు నూట యాభై మంది ప్రాణాలు దక్కించుకున్నారు. ఆ చెట్టు నేటికీ అక్కడే ఉంది. తరువాత ఏడో నిజాం ఉస్మాన్ అలీ ఖాన్ హయాంలో వాస్తుశిల్పి విన్సెంట్ ఎష్ నమూనాతో ఇప్పుడు మనం చూస్తున్న భవనం లేచింది. ఉస్మానియా విశ్వవిద్యాలయం ఏర్పడ్డాక పాత పాఠశాల ఉస్మానియా పేరు తెచ్చుకుంది.

కాబట్టి ప్రభుత్వానికి నా విన్నపం ఇది. పాత భవనాన్ని నిపుణులతో పరీక్షింపజేసి, పటిష్ఠం చేశాక, అందులో కనీసం ఒక అంతస్తును వైద్య విద్య చరిత్రకు కేటాయించాలి. కళాశాలలోనూ ఆసుపత్రిలోనూ ఉన్న పాత రిజిస్టర్లు, పరికరాలు, ఛాయాచిత్రాలు తరలింపు హడావుడిలో తుక్కు కింద పోకుండా ఇప్పుడే జాబితా రాయించాలి. నాటి కాగితాలు చాలావరకు ఉర్దూ, ఫార్సీల్లో ఉంటాయి గనుక ఆ లిపి చదవగలవారిని తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్ సాయంతో నియమించి, సారాంశాలు తెలుగులోకి తేవాలి. జిల్లా జిల్లాకూ ప్రభుత్వ వైద్య కళాశాల వచ్చిన ఈ రోజుల్లో, మొదటి ఏడాది విద్యార్థులను తీసుకువచ్చి చూపించడానికి ఇంతకన్నా మంచి చోటు మన దగ్గర మరొకటి లేదు. ఈ పని కొత్త ఆసుపత్రి నిర్మాణానికి అడ్డు రాదు. ముందు కావలసింది వైద్య ఆరోగ్య శాఖ, ఆర్కైవ్స్ అధికారులు ఒకచోట కూర్చుని జాబితా పనికి ఒక తేదీ నిర్ణయించడం.

ఇట్లు,
ఒక పాఠకుడు,
హైదరాబాద్