నడుస్తూ నడుస్తూ ఆగిపోయే లారీ గురించి గుంటూరు బావకు

ఆటోనగర్, విజయవాడ.

ప్రియమైన బావకు,

నీ ఉత్తరం అందింది. ఇక్కడ మేమంతా క్షేమం. నువ్వు, చెల్లెమ్మ, పిల్లలు క్షేమమని తలుస్తాను. యార్డులో మిర్చి సీజను ఊపు మీదుండగా, లోడుతో బయలుదేరిన లారీ చిలకలూరిపేట దాటీ దాటకముందే ఆగిపోతుంటే నీకు నిద్ర పట్టడం లేదంటే ఆశ్చర్యమేముంది? ఫోనులో అరుచుకుంటూ చెప్పుకుంటే సగం మాటలు హమాలీల కేకల్లో కలిసిపోతాయి కనుక నువ్వు కాగితం మీద రాయడమే మంచిదయింది. నేను కూడా తీరిగ్గానే రాస్తున్నాను. దీన్ని మీ డ్రైవరును కూర్చోబెట్టి చదివి వినిపించు, ఎందుకంటే ఇందులో సగం ప్రశ్నలు అతనికే.

అక్కడి మెకానిక్ ఇంజిన్‌కు డీజిల్ కొట్టే పెద్ద పంపు దించి కాలిబ్రేషన్‌కు, అంటే కొలతలు సరిచేయించడానికి, పంపాలంటున్నాడని రాశావు. ఆ పని కొద్ది రోజులు ఆపు. పంపు చెడిపోదని నేను అనడం లేదు, అరిగిన పంపులు మా దగ్గరికి వస్తూనే ఉంటాయి. కానీ నువ్వు రాసిన లక్షణాలలో పంపును పట్టించేది ఒక్కటీ లేదు. ఇంజిన్ ఆగిందనగానే పంపు మీద పడటం మా వృత్తిలో పాత జబ్బు. అది ఖరీదైన వస్తువు, లోపల ఏముందో ఓనరు కంటికి ఆనదు, కాబట్టి ఏం చెప్పినా చెల్లిపోతుంది. ఇంజిన్ ఆగిందన్న సంగతి కంటే ఏ తీరుగా ఆగిందన్నదే అసలు సాక్ష్యం. అది తేలేదాకా స్పానరు పట్టుకోవద్దని మా కుర్రాళ్లకు కూడా చెబుతుంటాను.

తాళం తిప్పి ఆపినట్లు ఒక్కసారిగా ఆగిపోవడం ఒక తీరు. అప్పటిదాకా లాగుతున్న బండి క్షణంలో మూగబోతుంది. పికప్ తగ్గడం, మూలగడం, ఊగిసలాడటం, చివరకు దగ్గి దగ్గి ఆగడం రెండో తీరు. మొదటిది ఎక్కువగా కరెంటు వైపు తప్పు, రెండోది డీజిల్ అందకపోవడం. నీది 2012 మోడల్, మెకానికల్ పంపు బండి. దానికి డీజిల్ మండటానికి కరెంటు అక్కర్లేదు, సిలిండరులో నొక్కుకుపోయిన గాలి వేడే చాలు. ఇంజిన్ ఆపడానికి సొలినాయిడ్ (కరెంటుతో డీజిల్ దారి తెరిచి మూసే మీట) ఉంటే దాని వైరు ఊడినా, లూజయినా ఒక్కసారిగా ఆగుతుంది. స్టాప్ కేబుల్ పట్టేసి వెనక్కి రాకపోయినా ఇబ్బందే. కానీ మీ డ్రైవరు చెప్పిందిగా నువ్వు రాసిన మాట, 'గేరు దించినా లాగలేదు, యాక్సిలరేటరు తొక్కేకొద్దీ ఇంకా నీరసపడి ఆగింది' అన్నది, రెండో తీరుకు అచ్చమైన వర్ణన. తొక్కేకొద్దీ నీరసపడటమంటే అడిగినంత డీజిల్ రావడం లేదని అర్థం. పొగ ఎలా వచ్చిందో కూడా అడుగు. ఎయిర్ ఫిల్టరు మూసుకుపోతే నల్లపొగ కక్కుతుంది తప్ప సాధారణంగా ఇంజిన్ ఆగదు. డీజిల్ అందకపోతే పొగ పలచబడుతుంది, లేదా మిస్సింగుతో, అంటే సిలిండర్లు సరిగా మండక, తెల్లగా వస్తుంది.

నువ్వు రాసిన ఇంకో రెండు సంగతులు నాకు బాగా పనికొచ్చాయి. ఖాళీ బండి ఎప్పుడూ ఆగలేదు. ఆగిన ప్రతిసారీ టీ తాగి వచ్చేసరికి ఏమీ ఎరగనట్లు స్టార్టయి మళ్లీ చాలా దూరం పరుగెత్తింది. నిజంగా అరిగిన పంపు టీ తాగినంత సేపట్లో బాగుపడదు. ట్యాంకులో ఏదో చెత్త ఉండి, డీజిల్ లాగే గొట్టం మూతికి కొద్దికొద్దిగా అతుక్కుంటోందని నా అనుమానం. కొబ్బరి బొండంలో స్ట్రా పెట్టి పీల్చేటప్పుడు లేత మీగడ వచ్చి అడ్డుపడితే ఎంత పీల్చినా నీళ్లు రావు, పీల్చడం ఆపగానే మీగడ జారిపోయి దారి వస్తుంది. ఇక్కడ జరిగేదీ అదే. లోడు మీద ఇంజిన్ ఎక్కువ డీజిల్ కోరుతుంది కాబట్టి పీల్పు గట్టిగా ఉంటుంది, చెత్త గట్టిగా అతుక్కుంటుంది. ఖాళీ బండికి అంత పీల్పు ఉండదు. పైగా ఈ పీల్పుకు ఒక హద్దుంది. ట్యాంకులోంచి డీజిల్ లాగి పెద్ద పంపుకు అందించే చిన్న పంపు ఒకటుంది, దాన్ని ఫీడ్ పంపు అంటాం. ఫీడ్ పంపు తర్వాత డీజిల్‌ను ఎంతయినా తోయవచ్చు కానీ, ట్యాంకు నుంచి ఫీడ్ పంపు దాకా డీజిల్‌ను కదిలించేది బయటి గాలి ఒత్తిడే, అంటే మహా అయితే ఒక బార్. ఆ దారిలో చిన్న అడ్డు పడినా ఇంజిన్‌కు తెలిసిపోతుంది.

పోయిన వానాకాలంలో జగ్గయ్యపేట నుంచి సిమెంటు లోడుతో వచ్చిన పది టైర్ల బండి ఒకటి అచ్చం ఇలాగే సతాయించింది. మా దగ్గరికి రాకముందే పంపు కాలిబ్రేషన్ అయింది, సిలిండర్లలోకి డీజిల్ చిమ్మే నాజిళ్లు మారాయి, ఫిల్టర్లు మళ్లీ మళ్లీ మారాయి, ఓనరు జేబు ఖాళీ అయింది. నందిగామ రాకముందే ఆగడం మాత్రం మానలేదు. ట్యాంకు మీది బోల్టులు విప్పి డీజిల్ లాగే గొట్టాన్ని పైకి తీశాము. గొట్టం చివరి జాలీ శుభ్రంగానే కనిపించింది, మా కుర్రవాడు పెదవి విరిచాడు. టార్చి వేసి ట్యాంకులోకి చూస్తే, అడుగున నల్లటి జిగురు మీద, అరచేతిలో సగం ఉన్న పాలిథీన్ ముక్క డీజిల్‌తో పాటు మెల్లగా కదులుతూ కనిపించింది. దాని నడుమ జాలీ అచ్చు గుండ్రంగా పడి ఉంది. ట్యాంకు మూత పోయినప్పుడు గుడ్డ కుక్కి, పైన పాలిథీన్ కవరు చుట్టి రబ్బరు బ్యాండు వేయడం మన డ్రైవర్లకు మామూలే కదా, అలా చుట్టిన కవరులో చిరిగిన ముక్క అది. మీ బండికి ఇప్పుడున్న మూత కంపెనీదా, మధ్యలో కొన్నాళ్లు గుడ్డతో నడిపారా, అన్నది నీకు అమ్మిన మనిషిని అడిగి తెలుసుకో.

అయితే నా అనుమానాన్ని కూడా నువ్వు ఊరికే నమ్మనక్కర్లేదు. పరీక్షించు. ఇరవై లీటర్ల శుభ్రమైన క్యాను తీసుకుని, మంచి డీజిల్ నింపి, ట్యాంకు నుంచి ఫీడ్ పంపుకు వచ్చే గొట్టాన్ని పంపు దగ్గర విప్పి, దాని బదులు క్యానులోంచి కొత్త గొట్టం కలిపి, లోడుతో రోడ్డెక్కించు. రిటర్ను గొట్టాన్ని కూడా క్యానులోకే మళ్లించాలి, లేకపోతే తిరిగొచ్చే డీజిల్ అంతా పెద్ద ట్యాంకులో పడి క్యాను తొందరగా ఖాళీ అవుతుంది, డీజిల్ అయిపోయి ఆగిందో జబ్బుతో ఆగిందో తెలియక తలలు పట్టుకుంటారు. క్యానును ట్యాంకు ఎత్తులోనే కట్టించు. చాలామంది క్యాబిన్ వెనుక ఎత్తున కడతారు, అప్పుడు డీజిల్ తనంతట తానే కిందికి దిగి, ఫీడ్ పంపు బలహీనంగా ఉన్నా ఆ సంగతి బయటపడనివ్వదు. సైలెన్సరుకు దూరంగా, కదలకుండా తాళ్లతో బిగించాలని, ఆ చుట్టుపక్కల ఎవరూ బీడీ ముట్టించకూడదని వేరే చెప్పాలా?

క్యానుతో బండి ఎప్పుడూ ఆగే దూరం దాటి నిక్షేపంగా నడిచిందంటే తప్పు ట్యాంకుకూ ఫీడ్ పంపుకూ నడుమే ఉంది, పెద్ద పంపు జోలికి పోనక్కర్లేదు. క్యానుతో కూడా ఆగిందంటే తప్పు ఫీడ్ పంపు నుంచి ముందుకు ఉంది. ఒక్క పూట పనితో సగం బండి అనుమానం నుంచి తప్పుకుంటుంది. ఇంత చవకైన పరీక్షను వదిలి వేలకు వేలు పోసి సామాను మార్చడం నాకు ఎప్పటికీ అర్థం కాదు.

తప్పు ట్యాంకు వైపేనని తేలితే, అది అడ్డా, డీజిల్ దారిలోకి గాలి పట్టడమా అన్నది తర్వాతి ప్రశ్న. ఆగిన వెంటనే, టీ కొట్టు వైపు నడవకముందే, డ్రైవరు రెండు పనులు చేయాలి. ట్యాంకు మూత తిప్పుతూ, దాని దగ్గర చెవి పెట్టి వినాలి. బుస్సుమని గాలి లోపలికి పోతే మూతలోని గాలి రంధ్రం మట్టితో పూడిపోయిందన్నమాట, పిన్నుతో పోయే జబ్బు. ఆ తర్వాత చేత్తో డీజిల్ కొట్టే హ్యాండ్ ప్రైమరు పిడి పైకి లాగి చూడాలి. లాగిన పిడి బరువుగా వచ్చి, వదలగానే లోపలికి గుంజుకుపోతే వెనుక అడ్డు ఉంది. ఎంత కొట్టినా పిడి తేలిగ్గా ఆడుతూ, బిగుపు రాకపోతే ఎక్కడో గాలి పీలుస్తోంది. ఫీడ్ పంపుకు ముందు ఒక జానెడు పారదర్శక గొట్టం కలిపితే ఇంకా స్పష్టం. డీజిల్‌తో పాటు బుడగలు పరుగెత్తుతూ కనిపిస్తే గాలి, బుడగలు లేకుండా ప్రవాహం సన్నగిల్లితే అడ్డు.

గాలి పీల్చే చోటు కనిపెట్టడం కాస్త ఓపిక పని. తోసే వైపు లీకయితే డీజిల్ చుక్కలు కారి పట్టిస్తాయి, పీల్చే వైపు లీకయితే బయటికి చుక్క కూడా రాదు, గాలి మాత్రం లోపలికి పోతుంది. బయటికి నల్లగా నిగనిగలాడే రబ్బరు గొట్టం లోపలి పొర ఊడి, పీల్చినప్పుడు మూసుకుని, ఆగినప్పుడు తెరుచుకోవడం నేను చూశాను. ఊళ్ల వెంట డ్రమ్ముల్లో అమ్మే చవక డీజిల్ పోయిస్తే రబ్బరు ఉబ్బి ఈ జబ్బు తొందరగా వస్తుంది. ఇక డీజిల్ గొట్టాల చివర్లను బిగించే బాంజో బోల్టుల కింది రాగి వాషర్లు. విప్పిన ప్రతిసారీ కొత్తవి వేయాలి. ఆ సమయానికి దొరకకపోతే పాతవాటిని ఎర్రగా కాల్చి నీళ్లలో వేస్తే రాగి మెత్తబడి మళ్లీ సరిగా కూర్చుంటుంది. ఉన్నవాటినే ఇంకా గట్టిగా బిగించడం మాత్రం తెలివితక్కువ పని, బోల్టు మర చుట్లు పోతాయి. ట్యాంకు సగానికి తగ్గినప్పుడే బండి ఆగుతోందా అన్నది మీ డ్రైవరును తప్పక అడుగు. లాగే గొట్టానికి నడుమ ఎక్కడైనా పగులు ఉంటే, డీజిల్ దానికి పైన ఉన్నంతసేపు ఏమీ తెలియదు, మట్టం పగులు కిందికి దిగగానే గాలి పట్టేస్తుంది.

ఫిల్టర్ల సంగతి ఎక్కువ రాయను, నీకు తెలిసిందే. డీజిల్‌లోంచి నీళ్లు వేరుచేసే వాటర్ సెపరేటరు అడుగు మర విప్పి గాజు గ్లాసులో పట్టి చూడు, నీళ్లుంటే కిందికి చేరతాయి. పాత ఫిల్టరును పారేయకుండా కోసి చూడు. తుప్పు ఉంటే ట్యాంకు లోపల పొరలు లేస్తున్నాయి, నల్లటి జిగురు ఉంటే నీళ్లు చేరి చాలా కాలమైంది.

క్యానుతో కూడా ఆగితేనే ఫీడ్ పంపు కవాటాలు, పెద్ద పంపు మీద ఎక్కువైన డీజిల్‌ను వెనక్కి వదిలే ఓవర్‌ఫ్లో వాల్వు స్ప్రింగు చూడాలి. అవి కూడా బాగుంటే అప్పుడు పెద్ద పంపు దించమను, నేనే మంచి చేతిని చూపిస్తాను.

మీ బావమరిది కొత్త బండి కూడా ఆగుతోందని చివర ఒక వాక్యం రాసి వదిలేశావు. 2020 ఏప్రిల్ తర్వాత వచ్చినది కనుక అది బీఎస్-6 (పొగ కాలుష్య నిబంధనల ఆరో మెట్టు) బండి, దానికి డీజిల్‌తో పాటు కరెంటు కూడా ప్రాణమే. ఆగుతున్నప్పుడు బండి ఇంకా గేరులో దొర్లుతూ ఉండగానే ఇంజిన్ వేగం చూపే ఆర్‌పీఎం ముల్లు ఒక్కసారిగా సున్నాకు పడిపోతే, ఇంజిన్ తిరుగుడును పసిగట్టే క్రాంక్ సెన్సారునూ దాని వైరింగునూ అనుమానించాలి. ఇంజిన్ తిరుగుతూనే ఉన్నా ఆ సంగతి కంప్యూటరుకు చేరడం లేదన్నమాట. వేడెక్కితే పోయి, చల్లబడితే వచ్చే సెన్సార్లు ఉంటాయి. ఛాసిస్‌కు రాసుకుని ఒరిసిపోయిన వైర్లు, తుప్పుపట్టిన ఎర్తు వైరు కూడా ఇదే నాటకం ఆడతాయి. తప్పులు చదివే స్కానరులో రైలు (ఇంజెక్టర్లకు డీజిల్ పంచే గొట్టం) ప్రెషరు తక్కువని కోడు వచ్చిందని వెంటనే హై ప్రెషరు పంపు కొననివ్వకు, మూసుకుపోయిన పది రూపాయల జాలీ వల్ల కూడా అదే కోడు వస్తుంది. ముఖ్యంగా, పాత అలవాటు కొద్దీ ఇంజిన్ నడుస్తుండగా ఇంజెక్టరు నట్లు వదులు చేయడం, లీకు కోసం చేత్తో తడమడం ఆ బండి దగ్గర పనికిరావు. ఆ గొట్టాల లోపల 1600 బార్‌కు పైబడిన ఒత్తిడి ఉంటుంది, సన్నటి ధార చర్మంలోంచి దూసుకుపోయి చెయ్యే తీసేయాల్సి రావచ్చు.

తప్పు దొరికేదాకా బండి రోడ్డు మీద ఆగవచ్చు కాబట్టి డ్రైవరుకు ఈ మాట గట్టిగా చెప్పు. ఇంజిన్ ఆగగానే స్టీరింగు బరువెక్కుతుంది, బ్రేకులకు గాలి నింపే కంప్రెసరు ఆగిపోతుంది. గాలి ట్యాంకులో మిగిలిన గాలితోనే బ్రేకు పడాలి కనుక పెడలును ఊరికే తొక్కి వదిలి తొక్కి వదిలి గాలి పోగొట్టుకోకూడదు. ఒకే తొక్కుతో వేగం తగ్గించుకుని ఎడమకు చేరాలి. గాలి బాగా పడిపోతే స్ప్రింగు బ్రేకులు పట్టుకుని బండి ఉన్నచోటే బిగుసుకుంటుంది. ఇటు వచ్చేటప్పుడు కృష్ణ మీది కనకదుర్గ వారధి నడుమ అలా బిగుసుకుంటే వెనుక మంగళగిరి దాకా తిట్లే. అందుకే కాజ టోల్ దాటాక పికప్ కాస్త తగ్గినట్లు తోచినా, వారధి ఎక్కకుండా ముందే పక్కకు తీయమను.

క్యాను పరీక్ష చేశాక ఏ సంగతో నాకు రాయి. కుదరకపోతే లోడు దించిన రోజున బండిని ఇక్కడికే పంపించు. ట్యాంకు పావు వంతుకు మించి నింపవద్దు, ఎలాగూ దించి కడగాలి. మార్చిన పాత ఫిల్టర్లు, విప్పిన వాషర్లు ఏవైనా ఉంటే ఒక సంచిలో వేసి పంపు. క్లీనరును కాక ఆ డ్రైవరునే పంపు, ఆగినప్పుడు విన్నదీ చూసిందీ అతనే. అతన్ని తిట్టి మాత్రం పంపకు, తిట్లు తిన్న మనిషి ఏమడిగినా 'ఏమో సార్' అంటాడు.

చెల్లెమ్మను అడిగానని చెప్పు. ఈసారి వచ్చే బండిలో ఆవకాయకు నాలుగు కేజీల మంచి కారం పంపించమని మీ అక్క మరీ మరీ చెప్పింది.

నీ బావ