ఒక్క రోజులో పది చోట్లు: పిల్లలున్న ఇంటికి ఆ లెక్క కుదరదు

సంపాదకులకు నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలో ‘ఓడ ఎక్కే ముందు ఒక్క రోజులో బార్సిలోనా’ అని పది చోట్ల జాబితా వేశారు. ఆ అనుబంధం మా పర్లాకిమిడికి సోమవారం చేరింది. అందుకే నా ఉత్తరమూ ఒక రోజు వెనకబడింది.

ఈ వేసవి సెలవుల్లోనే మా అబ్బాయి, కోడలు, ఇద్దరు పిల్లలతో కలిసి నేను స్పెయిన్‌లోని ఆ ఊళ్లోనే విహార ఓడ ఎక్కాను. మనవరాలికి తొమ్మిదేళ్లు, మనవడికి ఐదు. ఉన్నత పాఠశాలలో లెక్కలు చెప్పి విరమించినదాన్ని కాబట్టి మీ జాబితాను ముందు లెక్కగానే చూశాను. పది చోట్లు, చోటుకు గంట చొప్పున పది గంటలు. మధ్యలో మెట్రో, టికెట్ల వరుస, రెండు పూటల తిండి, ఐదేళ్లవాడికి సరిగ్గా వరుస ముందుకు కదిలినప్పుడే గుర్తొచ్చే మూత్రం. సాయంత్రానికల్లా ఓడలో ఉండాలి. మీ రచయిత ఒంటరిగా, ఉపవాసంతో, పరుగెత్తుతూ వెళ్లి ఉంటే చెప్పలేను గానీ, పిల్లలతో వెళ్లేవాళ్లకు ఈ జాబితా పనికిరాదు.

మొదట గడియారం సంగతి. వేసవిలో అక్కడి సమయం మనకన్నా మూడున్నర గంటలు వెనక. ఇక్కడ ఆరింటికి లేచే పిల్లలు అక్కడ రెండున్నరకే కళ్లు తెరుస్తారు. తెరిచి ఊరుకోరు, ఆకలి అంటారు. కోడలు తెచ్చిన వేయించిన అటుకులు అర్ధరాత్రి దాటాకే ఎక్కువ ఖర్చయ్యాయి. మరోపక్క, మే నెలాఖరుకు అక్కడ పొద్దు గుంకేది రాత్రి తొమ్మిది దాటాక. కిటికీలోంచి ఎండ కనిపిస్తుంటే పడుకోమని ఏ పిల్లవాడికి నచ్చజెప్పగలం? నిద్ర రెండు వైపులా తరిగిపోతుంది. అందుకే మేము పొద్దున ఒకే ఒక్క పెద్ద చోటు పెట్టుకున్నాం. మధ్యాహ్నం తెరలు వేసి అందరం నిద్ర. ఆరు దాటాక ఏదో ఒక తోటలో పిల్లలను వదిలేయడం. అక్కడి వాళ్లు కూడా ఆ వేళకే పిల్లలను తీసుకుని వీధిలోకి వస్తారు. భాష రాకపోయినా జారుడుబల్ల దగ్గర మావాడికి ఎవరి సహాయమూ అక్కరలేకపోయింది.

ఇంత తీరిక దొరకాలంటే ఓడకు కనీసం రెండు రాత్రుల ముందు ఊరు చేరాలి. మాకు టికెట్లు కట్టిన ఏజెంటు, ఓడ ఎక్కే రోజు పొద్దున దిగే విమానమైతే చవక అని చూపించాడు. కోడలు ఒప్పుకోలేదు. ఆమె మాటే సరైనది. ఓడ బయలుదేరే వేళకు వెళ్తే చాలదు, అంతకు గంటో గంటన్నరో ముందే ఎక్కేవాళ్లను ఆపేస్తారు. పలాసలో రైలు తప్పితే వెనక వచ్చేది ఎక్కుతాం. ఓడ తప్పితే మన ఖర్చుతో మనమే తరువాతి రేవుకు పరుగెత్తాలి. పైగా పెట్టెలు ఒక్కోసారి మనతో పాటు రావు, మరుసటి రోజు వస్తాయి. రెండు రాత్రుల వ్యవధి ఉంటే అవి మనల్ని హోటల్లోనే కలుసుకుంటాయి.

రేవు గురించి మీ వ్యాసంలో ‘నగరం నడిబొడ్డునే’ అని ఉంది. లా రాంబ్లా అనే వీధి చివర కొలంబస్ స్తంభం దగ్గర నిలబడితే పెద్ద ఓడలు పక్కనే ఉన్నట్టు కనిపించే మాట నిజమే. కానీ అవి ఆగేది నీళ్లకు అవతల, మోల్ అదోసాత్ అనే పొడవాటి కట్ట మీద. వంతెన దాటి వెళ్లాలి. పెట్టెలు, పిల్లలతో నడిచే దూరం కాదు. స్తంభం దగ్గరి నుంచి రేవు బస్సు ఉంది. సామాను ఎక్కువైతే హోటలు నుంచే టాక్సీ తీసుకోవడం మేలు.

ఇక సాగ్రదా ఫమీలియా. మీరు దానికి నలభై నిమిషాలు ఇచ్చారు. అదొక్కటే మాకు ఒక పూట పట్టింది, ఆ పూటలో ఒక్క నిమిషం కూడా దండగ కాలేదు. 1882లో మొదలుపెట్టిన చర్చి అది. మరుసటి ఏడాది వాస్తుశిల్పి ఆంటోనీ గౌడీ చేతికి వచ్చింది. 1926 జూన్ 7న ఆయనను ట్రాము గుద్దింది. మాసిన బట్టలు చూసి ఎవరో బిచ్చగాడనుకుని పేదల ఆసుపత్రిలో చేర్చారు, 10వ తేదీన పోయారు. సమాధి ఆ చర్చి నేలమాళిగలోనే ఉంది. మా ఊరు మద్రాసు రాష్ట్రం నుంచి విడిపోయి ఒడిశాలో కలిసిన 1936లోనే స్పెయిన్‌లో అంతర్యుద్ధం మొదలైంది, ఆయన చేసి పెట్టిన నమూనాలను అల్లరి మూకలు పగలగొట్టాయి. ముక్కలు ఏరి అతికించుకుని, వాటి ఆధారంగా పని సాగించారు. 2025 అక్టోబరులో అది జర్మనీలోని ఉల్మ్ చర్చిని దాటి ప్రపంచంలోకెల్లా ఎత్తయిన చర్చి అయింది. నడిమి గోపురానికి అనుకున్న ఎత్తు 172.5 మీటర్లు. ఊళ్లోని మోంజుయిక్ కొండ కన్నా ఎత్తు కాకూడదని గౌడీ ముందే నిర్ణయించారట. మనిషి కట్టింది దేవుడు కట్టినదాన్ని మించకూడదని ఆయన పట్టుదల.

ఇదంతా పెద్దలకు. పిల్లలకు వేరే దారి ఉంది. తూర్పు ముఖద్వారం దగ్గర రెండు స్తంభాల అడుగున రెండు తాబేళ్లున్నాయి. సముద్రం వైపు ఉన్నది సముద్రపు తాబేలు, నేల వైపు ఉన్నది నేల తాబేలు. ‘కాళ్లు చూసి ఏది ఏదో చెప్పు’ అన్నాను మనవడితో. మా ఒడిశా తీరంలోని గహీర్మఠ సముద్రపు తాబేళ్ల గురించి బడిలో విన్నాడు కాబట్టి తెడ్డుకాళ్లను వెంటనే పట్టేశాడు. పడమటి ముఖద్వారం మీద ఒక మాయాచదరం చెక్కి ఉంది. నాలుగు అడ్డవరుసలు, నాలుగు నిలువు వరుసలు. ఎటు కూడినా 33. క్రీస్తు శిలువ ఎక్కిన వయసు అంటారు. మనవరాలు మొదటి అడ్డవరుస కూడింది: ఒకటి, పద్నాలుగు, పద్నాలుగు, నాలుగు. ‘మామ్మా, పద్నాలుగు రెండుసార్లు ఉంది, ఇది తప్పు కదా’ అంది. నాకు జీతం లేకపోయినా ఆ క్షణాన ఉద్యోగం తిరిగి వచ్చింది. ఒకటి నుంచి పదహారు దాకా ఒక్కొక్కటి ఒక్కసారే వాడితే 34 వస్తుంది. మన ఖజురహో పార్శ్వనాథ ఆలయంలో ఉన్నది అలాంటిదే. ఇక్కడ 33 కావాలి కాబట్టి నాలుగు అంకెలను ఒక్కొక్కటి చొప్పున తగ్గించారు. అందువల్ల పది, పద్నాలుగు రెండేసిసార్లు వచ్చాయి, పన్నెండు, పదహారు మాయమయ్యాయి. ఏవి తగ్గించారో కనిపెట్టమని చెప్పి మేం పెద్దలం చాలాసేపు హాయిగా కూర్చున్నాం.

కింద ప్రదర్శనశాలలో తలకిందులుగా వేలాడే దారాల నమూనా ఉంది. దారాలకు చిన్న చిన్న బరువు సంచులు కట్టి వదిలితే అవి తమంతట తామే ఒక వంపు తీసుకుంటాయి. ఆ వంపును తలకిందులు చేస్తే బరువును చక్కగా మోసే కమాను అవుతుంది. గౌడీ ఆ పద్ధతిలో లెక్క కట్టేవారు. హోటలుకు వచ్చాక కోడలి మెడలోని గొలుసు రెండు కొసలు పట్టుకుని, ఫోనులో ఫోటో తీసి తిప్పి చూపించాను. మనవరాలు ఓడలో కూడా ఎవరి గొలుసు దొరికితే వారిది పట్టుకుని అదే పని.

మేము పొద్దున వెళ్లాం కాబట్టి తూర్పు అద్దాల్లోంచి నీలం, ఆకుపచ్చ వెలుగు నేల మీద పడింది. మధ్యాహ్నం తరువాత వెళ్తే పడమటి అద్దాల్లోంచి ఎరుపు, నారింజ రంగులు వస్తాయి. టికెట్టు ఏ గంటకు తీసుకోవాలో తేల్చుకోవడానికి పాఠకులకు కావలసిన సమాచారం ఇది. మీ వ్యాసంలో ‘అద్భుత కళాఖండం’ అని మూడుసార్లు ఉంది గానీ ఈ సంగతి లేదు. గిడుగు రామమూర్తి పంతులు గారు పాఠాలు చెప్పిన ఊరి నుంచి రాస్తున్నాను కాబట్టి కొంచెం చనువు తీసుకుంటాను: అలాంటి మాట ఒకటి తీసేసి, అక్కడ కూర్చోవడానికి బల్ల ఉందో లేదో రాయించండి. పదకొండేళ్ల లోపు పిల్లలకు రుసుము లేకపోయినా ముందుగానే ఆన్‌లైన్‌లో వాళ్లకూ టికెట్టు తీసుకోవాలి. ఆరేళ్ల లోపు వాళ్లను గోపురాల పైకి పంపరు. ఇది గుమ్మం దగ్గర తెలిస్తే ఒకరు ఏడుస్తారు, ఇంకొకరు ఎక్కుతారు.

గౌడీ రూపుదిద్దిన గ్వెల్ పార్కును కూడా మీరు అదే పూటలో ఇరికించారు. అది కొండ మీద ఉంది. మెట్లు, ఎక్కుడు, ఎండ. మాకు అది వేరే రోజు. నౌపడా నుంచి మా ఊరికి చిన్న రైలు వచ్చిన 1900లోనే ఆ తోట పనీ మొదలైంది. ధనవంతుల ఇళ్ల కోసం అరవై స్థలాలు వేశారు, దాదాపు ఎవరూ కొనలేదు, చివరికి జనం తోట అయింది. పగిలిన పెంకులు అతికించిన బల్లి బొమ్మ దగ్గర ఫోటో కోసం తోపులాట తప్పదు. నాకు నచ్చింది పైనున్న మైదానం. దాని మీద పడిన వాన ఇసుకలో వడగట్టుకుని, కింద మండపం స్తంభాల లోపలి గొట్టాల గుండా తొట్టిలోకి చేరుతుంది. స్తంభాలు 86. మనవడు లెక్కపెట్టి 84 అన్నాడు, మనవరాలు 87 అంది, నేను కల్పించుకోలేదు.

లా రాంబ్లా గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు. జేబులు జాగ్రత్త. ఆ వీధి చివరనున్న నౌకా ప్రదర్శనశాల మీ జాబితాలోనే లేదు. ఓడ ఎక్కబోయే పిల్లలకు ముందు చూపించవలసింది అదే. పాత రాజుల ఓడల కార్ఖానాలో, 1571 లెపాంటో సముద్ర యుద్ధంలో ముందు నడిచిన తెడ్ల ఓడకు నిలువెత్తు నకలు నిలబెట్టారు. మా పిల్లలు ప్రతి కార్తీక పౌర్ణమికి తెల్లవారుజామున మహేంద్రతనయ నదిలో అరటి దొప్పల పడవలు వదులుతారు. ఒడియా వాళ్ల బోయిత బందాణ అది, జావా, బాలి వెళ్లిన వర్తకుల జ్ఞాపకంగా చేస్తారు. తెరచాపలు, దీపాలు, సరుకులు, ఇంతే వాళ్లకు తెలిసిన ఓడ. ఇక్కడ రెండు వందల మందికి పైగా మనుషులు తెడ్లు వేసేవారని, వారిలో చాలామంది ఖైదీలు, బానిసలని చదివి వినిపించాను. ‘వాళ్లు ఎక్కడ పడుకునేవారు?’ అని అడిగింది పెద్దది. తెడ్డు వేసే బల్లల మీదే. ఆ తరువాత మా ఓడలో గది ఇరుకు అని ఎవరూ అనలేదు.

తిండి సంగతి రెండు ముక్కల్లో చెబుతాను. అక్కడ హోటళ్లలో రాత్రి భోజనం ఎనిమిది, తొమ్మిదికి గానీ మొదలుకాదు. మన పిల్లలకు అప్పటికి అర్ధరాత్రి. రొట్టె, పెరుగు, పళ్లు ముందే కొని పెట్టుకోవాలి, ఆదివారం చాలా దుకాణాలు మూసి ఉంటాయి. వంటగది ఉన్న ఇల్లు అద్దెకు తీసుకుంటే సుఖమే. అయితే పర్యాటకులకు ఇచ్చే అలాంటి ఇళ్ల అనుమతులను 2028 నాటికి ఎత్తేస్తామని అక్కడి నగరపాలక సంస్థ ప్రకటించింది. అద్దెలు పెరిగి స్థానికులు ఊరు విడిచిపోతున్నారని గొడవ. 2024 జులైలో ఊరేగింపు చేసినవాళ్లు పర్యాటకుల మీద నీటి తుపాకులతో నీళ్లు చల్లారు. మా పిల్లలకు ఆ సంగతి చెబితే మాకెప్పుడు చల్లుతారని అడిగారు గానీ, వాళ్ల బాధలో న్యాయం ఉంది. పది చోట్లకు పరుగెత్తి, ఎక్కడా కూర్చోకుండా, సాయంత్రానికి ఓడెక్కి పోయేవాళ్ల మీదే వాళ్లకు ఎక్కువ కోపం. మీ జాబితా తయారు చేసేది సరిగ్గా ఆ మనుషులనే.

వీసా గురించి ఒక మాట. ఓడ మధ్యలో ట్యునీషియా లాంటి దేశానికి వెళ్లి తిరిగి యూరప్ రేవుకు వస్తే, ఒక్కసారి ప్రవేశానికి ఇచ్చే షెంజెన్ వీసా, అంటే యూరప్‌లో చాలా దేశాలకు కలిపి ఇచ్చే వీసా, సరిపోదు. ఓడ ఏయే రేవుల్లో ఆగుతుందో చూసుకుని దరఖాస్తు పెట్టాలి. రుసుము పెద్దలకు 90 యూరోలు, ఆరు నుంచి పన్నెండేళ్ల లోపు పిల్లలకు 45, ఆరేళ్ల లోపు వాళ్లకు లేదు. ఇలాంటివి వ్యాసం పక్కన చిన్న పెట్టెలో వేస్తే చాలు.

వచ్చే వారం ‘ఓడ ఎక్కే ముందు ఒక్క రోజులో రోమ్’ అని ప్రకటన వేశారు. ఓడలు ఆగేది రోమ్‌లో కాదు. డెబ్బై కిలోమీటర్ల పైచిలుకు దూరంలోని చివితావెక్కియాలో. రైల్లో గంట దాకా పడుతుంది, స్టేషను నుంచి ఓడ దాకా మళ్లీ బస్సు. దయచేసి ఆ ముక్క మొదటి పేరాలోనే వేయించండి, జాబితా ఆ తరువాత.

ఇట్లు,
ఒక విశ్రాంత గణిత ఉపాధ్యాయురాలు,
పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా