రుషికుల్య మొగ దగ్గర తెలుగులో ఒక బోర్డు కావాలి

సంపాదకుల వారికి,

నమస్కారం. నేను ఒడిశాలోని గంజాం జిల్లాలో, రుషికుల్య ఏరు సముద్రంలో కలిసే చోట, అంటే మొగ దగ్గర ఉంటాను. మాది ఎండుచేపల వ్యాపారం. మీ పేపరు మా పేటకు రాదు. ఇచ్ఛాపురం సంతకు వెళ్లినప్పుడు కొనుక్కుని తిరుగు రైల్లో చదువుకుంటాను. చిన్నప్పుడు ఇచ్ఛాపురంలో అమ్మమ్మ దగ్గర ఉండి పదో తరగతి దాకా తెలుగులో చదివాను కాబట్టి ఈ నాలుగు ముక్కలు రాయగలుగుతున్నాను. 1936లో ఒడిశా రాష్ట్రం ఏర్పడేదాకా మా గంజాం మద్రాసు ప్రెసిడెన్సీలోదే. అందుకే ఇక్కడి రేవుల్లో ఈ రోజుకీ వినబడేది తెలుగే. ఒడియావాళ్లు మమ్మల్ని నోళియాలు అంటారు.

ఇంకో నెలలో తాబేళ్లు గుడ్లు పెట్టడానికి ఒడ్డుకు వస్తాయి. ఈలోగా మీ పేపర్లో ఒక మాట పడాలని రాస్తున్నాను.

పోయిన ఏడు ఏప్రిల్‌లో జరిగింది చెబుతాను. తెల్లవారుజాము మూడు కాకముందే మెలకువ వచ్చింది. కుక్కలు ఒకటే అరుస్తున్నాయి. బ్యాటరీ లైటు తీసుకోకుండా బయటికి వచ్చాను. తాబేలు పిల్లలు పుట్టే ఆ రోజుల్లో మేమెవరం లైటు పట్టుకుని ఇసుక మీదికి వెళ్లం. సరుగుడు తోట దాటేసరికి ఎదురుగా తెల్లటి వెలుగు. అటవీ శాఖవాళ్లు కట్టిన వల కంచె అయిపోయాక, కొంచెం దక్షిణంగా, ఒక కారు ఇసుకలోకి దిగి ఉంది. హెడ్‌లైట్లు వెలుగుతున్నాయి. ఆ వెలుగులో నేల కదులుతోంది. గుడ్లు పగిలి బయటికి వచ్చిన పిల్లలన్నీ సముద్రానికి వీపు పెట్టి కారు వైపు పాకుతున్నాయి.

తాబేలు పిల్లను దగ్గరగా చూసినవాళ్లు తక్కువ కదా, అందుకే రాస్తున్నాను. డిప్ప బొటనవేలంత ఉంటుంది. ఒళ్లంతా నల్లటి బూడిద రంగు. ముందు రెక్కలు బాగా పొడుగు. తడి ఇసుక అంటుకుని కళ్లు సగం మూసుకుపోయి ఉంటాయి, అయినా ఆగదు. చేతిలోకి తీసుకుంటే గాల్లో కూడా ఈదుతూనే ఉంటుంది, అరచేతికి కితకితలు పెడుతుంది. కారు చక్రాలు వేసిన గాడి మనకు నాలుగు వేళ్ల లోతే. వాటికి అది గోడ. అందులో పడ్డవి పైకి ఎక్కలేక, గాడి వెంబడే ఒకదాని వెనక ఒకటి చక్రం దాకా వెళ్లాయి. కారు ముందుకూ వెనక్కూ కదిలినట్టుంది. తెల్లారాక లెక్కపెట్టాను. నలిగినవి 43.

కారులో వచ్చింది మన తెలుగువాళ్లే, శ్రీకాకుళం వైపు నుంచి. భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలు, ఒక ముసలావిడ. చెడ్డవాళ్లేం కాదు. నేను కేకలు వేసేసరికి ఆయన బెదిరిపోయి, "లైటు వేయకూడదని ఎక్కడైనా రాసి ఉందా అమ్మా?" అన్నారు. ఉందని చెప్పి దారి మొదట్లో ఉన్న బోర్డు దగ్గరికి తీసుకెళ్లాను. పైన ఒడియాలో పెద్ద అక్షరాలు, కింద ఇంగ్లీషులో చిన్న అక్షరాలు. ఆ చీకట్లో కారు దిగకుండా వెళ్లేవాడికి ఆ చిన్న అక్షరాలు కనబడవు. ఆయన చాలాసేపు బోర్డు ముందే నిలబడ్డారు. తర్వాత కారు ఆపేసి, ఫోన్లన్నీ జేబుల్లో పెట్టించి, పొద్దు పొడిచేదాకా నాతో కలిసి పిల్లల్ని ఏరారు. ముసలావిడ చీర కొంగులో పోసుకుని నీళ్ల అంచుదాకా మోశారు. వదిలిన ప్రతిసారీ "కూర్మనాథా" అనుకున్నారు. శ్రీకూర్మం వాళ్లకు ఎంత దగ్గరో మాకూ అంతే. మా పేటలో తాబేలు వలలో పడితే దండం పెట్టి వల కోసి వదిలేస్తాం.

ఆ పిల్లలు వెలుగు వైపు ఎందుకు పోతాయో మాకు ఇక్కడ పరిశోధనకు వచ్చే విద్యార్థులు చెప్పారు. రాత్రిపూట తోటలు, ఇళ్లు ఉన్న వైపు నల్లగా ఉంటుంది, చుక్కల వెలుతురు పడి సముద్రం వైపు కాస్త తెల్లగా ఉంటుంది. పుట్టిన పిల్లకు తెలిసింది ఒక్కటే, చీకటిని వదిలి తెలుపు వైపు పోవడం. కొన్ని వేల ఏళ్లుగా ఆ లెక్క తప్పలేదు. ఇప్పుడు హైవే దీపాలు, ఫ్యాక్టరీల దీపాలు, లాడ్జీల దీపాలు, వాటికి తోడు మన ఫోన్లు. తప్పిపోయిన పిల్ల పొద్దెక్కేలోగా నీళ్లు చేరకపోతే ఎండకు ఎండిపోతుంది, లేదంటే కాకి ఎత్తుకుపోతుంది. అన్నీ సవ్యంగా జరిగినా వెయ్యి పిల్లల్లో ఒకటే పెద్దదవుతుందని అంటారు. అలా పెద్దదైన ఆడ తాబేలు పుట్టిన ఒడ్డు వెతుక్కుంటూ మళ్లీ ఇక్కడికే వస్తుంది.

ఈ ఒడ్డు మీద ఇంత పెద్ద ఎత్తున గుడ్లు పెడతాయని పైవాళ్లకు తెలిసింది 1994లో. ఒడిశాలోనే ఉత్తరాన ఉన్న గహిర్మఠ ఒడ్డు సంగతి 1974లోనే తెలిసింది. మా తాతలకు ఎప్పటినుంచో తెలుసనుకోండి, కానీ వాళ్లను అడిగిందెవరు? 2025 ఫిబ్రవరిలో పది రోజుల్లో దాదాపు 7 లక్షల తాబేళ్లు ఎక్కాయని అటవీ శాఖ లెక్క చెప్పింది. ఇలా ఒక్కసారిగా గుంపులుగా వచ్చి గుడ్లు పెట్టడాన్నే వాళ్లు అరిబాడా అంటారు. కొన్నేళ్లు అసలు రావు. 2020 మార్చిలో మాత్రం పట్టపగలే ఎక్కాయి. ఎక్కిన తాబేలు వెనక రెక్కలతో, ఒకదాని తర్వాత ఒకటిగా, చెంచాతో తోడినట్టు మోకాలి లోతు గుంట తవ్వుతుంది. వందకు పైగా గుడ్లు పెడుతుంది. ఇసుక కప్పి, ఒంటిని అటూ ఇటూ ఊపుతూ డిప్పతో దబదబా కొడుతుంది. ఒడ్డంతా ఆ చప్పుడే. కళ్లవెంట నీళ్లు కారుతుంటాయి. పిల్లల్ని వదిలి వెళ్తున్నందుకు ఏడుస్తోందని మా అమ్మ చెప్పేది. ఒంట్లో ఎక్కువైన ఉప్పును అలా బయటికి పంపుతుందని తర్వాత తెలిసింది. అయినా చూసిన ప్రతిసారీ నాకు అమ్మ మాటే గుర్తొస్తుంది. గుడ్లు పొదిగేది ఇసుక వేడే. వేడి ఎక్కువైతే ఆడపిల్లలు, తక్కువైతే మగపిల్లలు. నలభై అయిదు, యాభై రోజులకు పిల్లలు బయటికి వస్తాయి. అంటే మార్చి ఆఖరు నుంచి మే మొదటి దాకా రాత్రులు చాలా జాగ్రత్తగా ఉండాలి. జనం వచ్చేది కూడా అప్పుడే, ఎండాకాలం సెలవులు.

వచ్చేవాళ్లను రావద్దని నేను అనడం లేదు. పగలు రండి, ఇప్పుడే రండి. జనవరిలో మా మొగ చూడాలి. పొద్దున్నే పాటు సమయానికి నీళ్లు వెనక్కి తీసి, ఏటి నడుమ ఇసుక తిన్నె బయటపడుతుంది. దాని మీద సముద్రపు కాకులు వరసగా గాలికి ఎదురు తిరిగి కూర్చుని ఉంటాయి. తడి బురదలో ఉల్లంకులు ముక్కులు దించుకుంటూ నడుస్తాయి, అల వస్తే పరుగు, పోతే మళ్లీ వెనక్కి. పోటు ఎక్కేటప్పుడు కొయ్యంగ చేపలు నీళ్ల మీదికి ఎగిరి పడతాయి. ఎర్రపీతలు బొరియ చుట్టూ ఇసుక ఉండలు పేర్చి పెడతాయి. అడుగు చప్పుడు వింటే ఒడ్డంతా ఒక్కసారి ఖాళీ. గట్టు మీద మొగలి పొదలు. వానాకాలం పూత వస్తే గాలి మొత్తం అదే వాసన. ఆ పూలతోనే గంజాం మొగలి అత్తరు తీస్తారు. ఇవన్నీ చూడటానికి టిక్కెట్టు అక్కర్లేదు, లైటూ అక్కర్లేదు.

ఈ మొగ ఒక్కచోట ఉండదు. ఇసుక మేట వేసి ఒక వైపు పూడుకుంటుంది, ఇంకో వైపు తెగుతుంది. పోడంపేటలో మా పిన్నమ్మవాళ్ల ఇల్లు సముద్రంలో కలిసిపోయింది. ముందు కొబ్బరి చెట్లు, తర్వాత నుయ్యి, తర్వాత వంటిల్లు. ఊరినే లోపలికి మార్చి కాలనీ కట్టించారు. మిగిలిన గోడల పక్కన ఇసుకలో తాబేళ్లు గుడ్లు పెట్టడం నేను చూశాను. మా పిన్నమ్మ ఆ గోడల మధ్య కూర్చుని, "మనకు చోటు లేకపోయినా వీటికి ఉంది" అంది. ఆమె బాధగా అన్నదో సంతోషంగా అన్నదో ఈ రోజుకీ చెప్పలేను.

మాకు కష్టం లేదని కూడా అనను. నవంబరు 1 నుంచి మే 31 దాకా రుషికుల్య, దేవి, ధామ్రా మొగల దగ్గర ఒడ్డు నుంచి 20 కిలోమీటర్ల లోపు వేట మీద నిషేధం. ఏడు నెలలు. ఆ రోజుల్లో నేను చిలికా సరస్సు ఒడ్డున ఉన్న రంభ వెళ్లి, అక్కడి రొయ్యపొట్టు కొని తెచ్చి అమ్ముతాను. మిగతా రోజుల్లో నెత్తళ్లు, కవళ్లు, సావిడాయలు. లాభం సగానికి సగం తగ్గుతుంది. రాత్రిపూట దొంగచాటుగా వచ్చే ట్రాలర్ల వలల్లో తాబేళ్లు ఊపిరి అందక చచ్చి ఒడ్డుకు కొట్టుకొస్తే మాత్రం గుండె మండుతుంది. తాబేలు నీళ్లలో ఉన్నా గాలి పీల్చాల్సిందే కదా. మేం వల ఇంట్లో పెట్టి పస్తులుంటే వాళ్లు వల వేసి చంపడం. దాని గురించి విడిగా ఎంతైనా రాయొచ్చు. ఈ ఉత్తరం మాత్రం లైట్ల గురించే.

అడిగేది ఒకటే. ఈ మొగకు వచ్చే ప్రతి దారి మొదట్లో తెలుగులో ఒక బోర్డు పెట్టాలి. ఇచ్ఛాపురం, సోంపేట, పలాస, శ్రీకాకుళం నుంచి ఎంతమంది వస్తున్నారో మా టీకొట్టువాళ్లను అడిగితే తెలుస్తుంది. ఆదివారం కార్ల నంబర్లు సగం ఏపీవే. నేను అటవీ శాఖవాళ్లకు ఒడియాలో అర్జీ రాయించి ఇచ్చాను, చూస్తామన్నారు. మన వైపు నుంచి కూడా ఎవరైనా అడిగితే తొందరగా పని జరుగుతుందని ఆశ. బోర్డు పడేలోగా, ఫిబ్రవరి నుంచి మే దాకా వారానికోసారి మీ శ్రీకాకుళం పేజీలో ఒక మూల కాస్త చోటిస్తే, అదే బోర్డు అనుకుంటాను.

ఏం రాయాలో కూడా రాసి పంపుతున్నాను. సైజు పెద్దగా ఉండాలి, కారులోంచి చదవగలిగేట్టు.

"ఇక్కడ తాబేలు పిల్లలు ఉన్నాయి. కారు ఇక్కడే ఆపండి. హెడ్‌లైట్లు ఆర్పండి. ఫోన్ లైటు వేయకండి. ఫ్లాష్‌తో ఫొటో తీయకండి. కంచె దాటకండి. పిల్ల కనబడితే ముట్టుకోకుండా పక్కకు తప్పుకోండి. దారి తప్పినట్టు అనిపిస్తే పక్కన ఉన్న మమ్మల్ని పిలవండి, ఏ రాత్రయినా లేస్తాం."

ఇట్లు,
ఎండుచేపలు అమ్ముకునే ఒక మీ పాఠకురాలు,
రుషికుల్య మొగ, గంజాం జిల్లా, ఒడిశా