మెథిసిలిన్‌కు లొంగని ప్రతి స్టాఫిలోకాకస్‌నూ ఎంఆర్‌ఎస్‌ఏగా చూపుతున్న కోడింగ్ సాఫ్ట్‌వేర్‌పై ఫిర్యాదు

ఉత్పత్తి విభాగాధిపతి గారికి,

విషయం: అరుదైన స్టాఫిలోకాకస్ జాతుల వల్ల వచ్చే న్యుమోనియాకు మీ సాఫ్ట్‌వేర్ తప్పుడు కోడ్లు సూచించడం.

ఆర్యా,

వ్యాధులకు కోడ్లు ఇచ్చే ఐసీడీ-10-సీఎం వర్గీకరణలో, స్టాఫిలోకాకస్ బ్యాక్టీరియా వల్ల వచ్చే న్యుమోనియాకు సంబంధించి జె15.211 మెథిసిలిన్ అనే యాంటీబయాటిక్‌కు లొంగే స్టాఫిలోకాకస్ ఆరియస్‌కు, జె15.212 మెథిసిలిన్‌కు లొంగని ఆరియస్‌కు (ఎంఆర్‌ఎస్‌ఏ), జె15.29 ఆరియస్ కాని ఇతర స్టాఫిలోకాకస్‌లకు, జె15.20 జాతి పేర్కొననప్పుడు వాడవలసినవి. మేము వాడుతున్న మీ సాఫ్ట్‌వేర్ మాత్రం రికార్డులో 'స్టాఫిలోకాకస్', 'మెథిసిలిన్ నిరోధకం' అనే మాటలు కలిసి కనబడితే చాలు, జాతి పేరు చూడకుండానే జె15.212 సూచిస్తోంది.

ఇటీవలి ఒక కేసులో రోగి ఊపిరితిత్తుల నుంచి బ్రాంకోస్కోపీ (శ్వాసనాళాల్లోకి గొట్టం పంపి చేసే పరీక్ష) ద్వారా సేకరించిన ద్రవంలో మెథిసిలిన్‌కు లొంగని స్టాఫిలోకాకస్ హీమోలిటికస్ పెరిగింది. న్యుమోనియాకు కారణం అదేనని వైద్యులు డిశ్చార్జ్ సమ్మరీలో స్పష్టంగా రాశారు. అక్కడ రావలసినది జె15.29, మందుకు లొంగని గుణానికి అదనంగా జెడ్16 వర్గంలోని కోడ్. మీ సహాయ విభాగానికి తెలియజేస్తే, మెథిసిలిన్ నిరోధకం అంటే ఎంఆర్‌ఎస్‌ఏయే కాబట్టి సూచన సరైనదేనని జవాబిచ్చారు. ఎంఆర్‌ఎస్‌ఏలోని చివరి అక్షరం ఆరియస్‌ను సూచిస్తుందని కోడింగ్ సాఫ్ట్‌వేర్ అమ్మే సంస్థకు మేము చెప్పవలసి రావడం విచారకరం. ఈ పొరపాటు రికార్డులో నిలిచిపోతే రోగి మరోసారి చేరినప్పుడు అనవసరంగా వేరు గదిలో ఉంచే అవకాశం ఉంది. ఆసుపత్రి ఎంఆర్‌ఎస్‌ఏ లెక్కలు కూడా తప్పుతాయి.

ఇంతకన్నా ఆందోళన కలిగించేది, ల్యాబ్ రిపోర్టునే రోగనిర్ధారణగా తీసుకోవడం. స్టాఫిలోకాకస్ ఎపిడర్మిడిస్ చర్మం మీద సహజంగా నివసించే సూక్ష్మజీవి. కఫం నమూనాలో అది పెరిగినంత మాత్రాన న్యుమోనియా దానివల్లే వచ్చిందని చెప్పలేము. తక్కువ మాగ్నిఫికేషన్‌లో ఒక్కో ఫీల్డుకు 10కి మించి స్క్వామస్ కణాలు (నోటి లోపలి పొర నుంచి రాలే కణాలు) కనిపిస్తే ఆ నమూనాలో నోటి లాలాజలం కలిసి ఉండవచ్చని సందేహించాలి. ఎక్స్‌రే, లక్షణాలు, నమూనా నాణ్యత చూసి సూక్ష్మజీవికీ వ్యాధికీ సంబంధాన్ని వైద్యుడు రాయాలి. ఆ మాట లేనప్పుడు కోడర్ వైద్యుడిని అడగాలే తప్ప ఊహించకూడదు. మీ సాఫ్ట్‌వేర్ అడగమని గుర్తుచేయకపోగా, కోడ్‌ను ముందే నింపి పెడుతోంది.

స్టాఫిలోకాకస్ జాతులను వేరుచేయడానికి వాడే ఎంజైమ్ పరీక్షలో వచ్చే 'కోయాగులేజ్ పాజిటివ్' అనే మాటను బట్టి ఆరియస్ అని తేల్చడమూ సరికాదు. స్లైడ్ పరీక్షలో స్టాఫిలోకాకస్ లగ్డునెన్సిస్, ట్యూబ్ పరీక్షలో కుక్కల నుంచి సోకే స్టాఫిలోకాకస్ సూడింటర్మీడియస్ కూడా పాజిటివ్ చూపగలవు.

కాబట్టి జె15.211, జె15.212 సూచనలకు 'ఆరియస్' అని వైద్యుడు రాసి ఉండటాన్ని తప్పనిసరి చేయాలని, ల్యాబ్ రిపోర్టు ఒక్కటే ఉన్నప్పుడు కోడ్‌కు బదులు వైద్యుడికి పంపవలసిన ప్రశ్న చూపించాలని, ఇప్పటికే ఈ నియమంతో కోడ్ అయిన రికార్డుల జాబితాను పునఃపరిశీలనకు మాకు అందజేయాలని కోరుతున్నాము. సవరణ పూర్తయ్యేవరకు జె15.2 వర్గంలో స్వయంచాలక సూచనలను నిలిపివేసి, ఆ సంగతి మాకు లిఖితపూర్వకంగా తెలియజేయగలరు.

ఇట్లు,
కోడింగ్ నాణ్యత పరిశీలకులు,
వైద్య రికార్డుల విభాగం