మూడు వాజులకూ ఒకటే వేలి నొక్కు

వినియోగదారుల సేవా విభాగం మేనేజర్ గారికి,

విషయం: చేతితో చేసినవని అమ్మిన సిరామిక్ వాజులు, గోడ పళ్ళాలు – డబ్బు వాపసు కోరుతూ.

అయ్యా/అమ్మా,

మా హాల్లో కిటికీ పక్క గోడ కోసం మీ దగ్గర మూడు పొడవాటి వాజులు, అయిదు గోడ పళ్ళాలు కొన్నాను. కుమ్మరి సారె మీద మలిచిన స్టోన్‌వేర్ (ఎక్కువ వేడికి గట్టిగా కాల్చిన మట్టి) అనీ, దేనికదే ప్రత్యేకమనీ మీరు వివరాల్లో రాశారు. కిందటి నెల ఒక వాజు నీళ్ళు కారుతోందని ఫోన్ చేస్తే, "చేతిపని కదండీ, చిన్న చిన్న తేడాలు ఉంటాయి" అని పెట్టేశారు. ఆ మాట వినకపోయుంటే ఇంత పొడుగు ఉత్తరం రాసేదాన్ని కాదు.

తేడాలున్నాయని నేనెప్పుడూ అనలేదు. లేవన్నదే నా ఫిర్యాదు. మొదటి వాజు విప్పినప్పుడు మెడ కింద ఎడమవైపు బొటనవేలి నొక్కు ఒకటి కనిపించింది. చేసినవాళ్ళ వేలు కదా అని ముచ్చటపడి తడిమి చూసుకున్నాను కూడా. రెండోది విప్పితే అక్కడే అదే నొక్కు. మూడోదానికీ అంతే. లోతు, వాలు, పక్కనున్న గోటి గీతతో సహా. కవలలకైనా పుట్టుమచ్చలు ఇంత కచ్చితంగా ఒకేచోట ఉండవు.

అనుమానం వచ్చాక టార్చి వేసి లోపల చూశాను. సారె మీద మట్టిని వేళ్ళతో పైకి లాగితే లోపలి గోడకు మెలికలు తిరిగిన గట్లు పడతాయి. బయట ఎంత నునుపు చేసినా, మూతి ఇరుకైన వాజులో అడుగుదాకా వేలు పెట్టి వాటిని చెరిపేవాళ్ళు అరుదు. మీ వాజుల లోపల గుడ్డు పెంకులా నున్నగా ఉంది. బయట గ్లేజ్ (గాజులాంటి పైపూత) కింద మూతి నుంచి అడుగు వరకు సన్నటి గీతలు రెండున్నాయి, ఎదురెదురుగా. అవి రెండు ముక్కల అచ్చు కలిసిన చోట్లు. ప్లాస్టర్ అచ్చులో మట్టి జావ పోస్తే ప్లాస్టర్ నీళ్ళు పీల్చుకుని గోడకు ఒక పొర కడుతుంది, మిగిలిన జావ ఒంపేస్తారు. అదీ పనితనమే, నేను దాన్ని తక్కువ చేయడం లేదు. అచ్చుపని అని చెప్పి అచ్చుపని ధరకు అమ్మితే సంతోషంగా కొనుక్కునేదాన్నేమో. మీరు మాత్రం బొటనవేలి నొక్కును కూడా అచ్చులోనే పోశారు.

పళ్ళాల సంగతి రెండు మాటల్లో చెప్తాను. చేతితో వేసిన పూలన్నారు. భూతద్దంలో చూస్తే పూలన్నీ వరస తప్పని చుక్కలే. కుంచె గీతకు మొదలూ చివరా తెలుస్తాయి, ఒకదాని మీద ఒకటి పడ్డచోట రంగు చిక్కబడుతుంది. అలాంటిదేమీ లేదు, ఇది ముద్రించి అంటించిన బొమ్మ. ఒక పళ్ళెం విరిగి వచ్చింది. అది రవాణాలో జరిగింది, అతికించుకున్నాను, దాని గురించి అడగను.

కారడం గురించి మాత్రం అడగాలి. స్టోన్‌వేర్‌ను సుమారు 1200 డిగ్రీల సెల్సియస్, ఆపైన కాలుస్తారు. ఆ వేడికి మట్టి గట్టిపడి నీటిని దాదాపు పీల్చదు. మీ వాజును బాగా ఎండబెట్టి తూస్తే 900 గ్రాములు తూగింది. రాత్రంతా నీళ్ళలో ముంచి, పైతడి తుడిచి తూస్తే 972. అంటే 8 శాతం నీళ్ళు తాగింది. ఇది తక్కువ వేడికి కాల్చిన మామూలు మట్టి. అలాంటి మట్టికి గ్లేజే కాపు. ఆ గ్లేజ్ నిండా జుట్టు మందం పగుళ్ళున్నాయి. చల్లారేటప్పుడు గ్లేజ్ మట్టికన్నా ఎక్కువ ముడుచుకుంటే అలా చిట్లుతుంది. ఆ పగుళ్ళలోంచే నీళ్ళు దిగి, కింద చెక్క అలమర పైపొర ఉబ్బి లేచింది.

మూతి కాస్త వంకరగా ఉండడం, గ్లేజ్ ఒకవైపు చిక్కగా జారి ఆగడం, బట్టీలో పెట్టిన చోటును బట్టి రంగు మారడం... ఇవి చేతిపనిలో తేడాలు. నేను డబ్బిచ్చింది వాటికే. ఎత్తుపల్లాలుగా అమర్చి, సాయంత్రపు వెలుగు పక్కనుంచి పడితే ఒక్కోటి ఒక్కోలా కనిపిస్తుందని ఆశపడ్డాను. ఇప్పుడవి కవాతుకు నిలబెట్టిన సిపాయిల్లా ఉన్నాయి. నొక్కులు కనబడకుండా గోడవైపు తిప్పి చూశాను, అటువైపూ మూడూ ఒకేలా ఉన్నాయి! నీళ్ళు కారడం తేడా కాదు, లోపం. ఆ రెంటినీ ఒకే మాట కింద దాచడం మానండి.

మూడు వాజులకు, విరగని నాలుగు పళ్ళాలకు పూర్తి డబ్బు వాపసు ఇవ్వండి. మీ ఖర్చుతోనే తీసుకెళ్ళండి. అలమర బాగుచేయించిన రసీదు జతచేశాను, ఆ మొత్తం కూడా చెల్లించండి. అమ్మకపు వివరాల్లోంచి "సారె", "స్టోన్‌వేర్", "చేతితో వేసిన పూలు" అన్న మాటలు తీసేసి ఉన్నదున్నట్టు రాయండి. 15 రోజుల్లో రాతపూర్వకంగా జవాబు రాకపోతే వినియోగదారుల ఫిర్యాదు దాఖలు చేస్తాను.

నొక్కులు, అచ్చు గీతలు, చుక్కలు, ఉబ్బిన చెక్క ఫొటోలు వెంట పంపుతున్నాను. సరుకంతా వచ్చిన పెట్టెల్లోనే సర్ది ఉంచాను.

భవదీయురాలు,
మీ కొనుగోలుదారు